కళింగపట్నంలో పావుగంట విడుపు

కళింగపట్నం చేరేసరికి ఉదయం ఆరున్నర. మూడు టన్నుల ట్రక్కు, వెనక జనరేటర్ ట్రైలర్, ఎనిమిది మంది మనుషులం. మబ్బు పట్టి ఉంది గానీ వాన లేదు. గాలి ఈశాన్యం నుంచి వస్తోంది, చెమట ఆరేంత మాత్రమే. సముద్రం అప్పటికే బూడిద రంగుకు తిరిగింది. పడవలన్నీ ఇసుక మీదకి లాగి సరుగుడు చెట్లకి కట్టేశారు. ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు ఎత్తేసిన చోట వాసన ఒక్కటే మిగిలింది.

ఆర్డరు చిన్నది. తుపాను మర్నాడు మధ్యాహ్నం తీరం దాటుతుంది. సెల్ టవర్లు పనిచేయడం మానేస్తాయి. అప్పుడు తీరానికీ శ్రీకాకుళంలోని కంట్రోల్ రూముకీ మధ్య మాట ఆగకూడదు. మాట ఆగకుండా చూడడమే మా పని.

నేను సిగ్నల్స్‌లో హవల్దారుని, రేడియో ఆపరేటర్ని. ఆ ఎనిమిది మందిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే నన్ను ట్రక్కెక్కించారు. ఆ తీరం పక్కనే మా అత్తారి ఊరు ఉందనీ, నా భార్య గౌరి పురిటికని వచ్చి ఎనిమిదో నెల కడుపుతో అక్కడే ఉందనీ ఎక్కించినవాళ్ళకి తెలీదు. దారిలో సుబేదారు సాబ్‌కి చెప్పాను. ఆయన మా డిటాచ్‌మెంటుకి పెద్ద. మీసం సర్దుకుని "అదృష్టవంతుడివి, డ్యూటీలోనే సెలవు దొరికింది" అన్నాడు హిందీలో.

సెలవెక్కడిది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, పింఛను పుచ్చుకుని చీపురుపల్లిలో ఇంటిపట్టున ఉన్న నన్ను ఈమధ్య మా వీధివాళ్ళు నిలదీశారు. ఒక మేడ మీద సెల్ టవరు వేస్తారట. "మిలట్రీలో ఆ తరంగాలతోనే కదా కాపురం సేసేవు, మంచివో సెడ్డవో నువ్వే సెప్పు" అన్నారు. ఒక్క ముక్కలో చెప్పమన్నారు. నాకు ఒక్క ముక్కలో చెప్పడం చేతకాదు.

కళింగపట్నానికి వస్తాను. ఊరి చివర తుపాను షెల్టరు ఉంది. స్తంభాల మీద లేపిన రెండంతస్తుల కాంక్రీటు భవనం. ఆ చుట్టుపక్కల గాలికి నిలబడే కట్టడం అదొక్కటే. దాని డాబా మీద మాస్టు అనే ఇనుపస్తంభం ఎత్తి డిష్ బిగించాం. ముఖం శ్రీకాకుళం వైపు, మావాళ్ళ నోట సిక్కోలు. మైక్రోవేవ్ తిన్నగా పోతుంది, వంగదు. మధ్యలో అడ్డు ఉండకూడదు, అందుకే ఎత్తు కావాలి. ఇది కాక ట్రక్కు దగ్గర ఇంకో సెట్టు పెట్టాం. హెచ్.ఎఫ్. అంటారు. దానికి డిష్ అక్కర్లేదు, పొడుగాటి తీగ చాలు. దాని తరంగం ఆకాశంలో పైపొరని తాకి కిందికి దిగొస్తుంది. మాట గరగరలాడుతుంది గానీ ఎలాంటి గాలిలోనైనా పలుకుతుంది.

డిష్ పనిచేస్తున్నంతసేపూ దాని ఎదుటికి ఎవరూ పోకూడదు. మాకు అది మొదటిరోజు నుంచీ నూరిపోసిన నియమం. అంత దగ్గర్లో, సరిగ్గా ఎదురుగా నిలబడితే ఒళ్ళు వేడెక్కుతుంది. కంటికి మరీ మంచిది కాదు, కంటి గుడ్డులో చేరిన వేడి తొందరగా బయటికి పోదు. అందుకని డిష్ ముందు తాడు కట్టాం. ఎర్ర బోర్డు తగిలించాం. సెట్టు ఆన్‌లో ఉందని తెలియడానికి మాస్టుకి ఎర్ర జెండా ఎత్తాం.

పది గంటలకి ఊరి పెద్దమనిషి ఒకాయన సముద్రం చూద్దామని డాబా ఎక్కి, తాడు దాటాడు. మా లైన్‌మ్యాన్ కేరళవాడు. మాస్టులు కట్టడంలో మొనగాడు, తెలుగు మాత్రం సున్నా. మలయాళంలో పెద్ద కేక వేసి, ఆయన్ని నడుం పట్టుకుని వెనక్కి లాగేశాడు. ఆయన పంచె సర్దుకుంటూ దిగిపోయాడు. మధ్యాహ్నానికి ఊరంతా ఒకటే మాట. మిలట్రీ గొడుగు మనుషుల్ని కాల్చేస్తుంది.

సాబ్‌ని అడిగి ఒక గంట అత్తారింటికి వెళ్ళాను. షెల్టరుకి దక్షిణంగా కొబ్బరి తోటలో పెంకుటిల్లు. మావ అప్పటికే పశువుల్ని తోలుకుని గార ఊళ్ళో చుట్టాలింటికి పోయాడు. ఇంట్లో అత్తా గౌరీ ఉన్నారు. తలుపులన్నీ మూసున్నాయి. షెల్టరు వైపు కిటికీకి గోనెపట్టా మేకులు కొట్టి మరీ బిగించి ఉంది. నడిమింట్లో నులకమంచం మీద గౌరి వెల్లకిలా, కర్రలా పడుకుని ఉంది.

"ఏటయినాది?" అన్నాను.

"మెల్లగా మాటాడరా సింవాచలం" అంది అత్త. ఆమె నాకు దూరపు చుట్టం కూడా. చిన్నప్పట్నుంచీ ఒరే అనే పిలుపు, అల్లుడినయ్యాక కూడా మారలేదు. "మీ గొడుగు ఇటే సూస్తన్నాది."

"అది సిక్కోలు ఏపు సూస్తాది అత్తా. ఇటు కాదు."

"గ్రహణం నాడు సూరీడు మాత్రం మనింటికేసే సూస్తాడేటి? కిరణం తగలదా?"

అప్పుడర్థమైంది. గ్రహణం నాడు కడుపుతో ఉన్న పిల్లకి ఏయే నియమాలున్నాయో అవన్నీ ఆ పుకారు విన్నప్పట్నుంచీ పెట్టేసింది. కదలకూడదు. కత్తిపీట ముట్టకూడదు. గోళ్ళు గిల్లుకోకూడదు. వెలుగు సోకకూడదు. లేకపోతే బిడ్డకి మొర్రి వస్తుందని ఆమె భయం. గ్రహణమైతే రెండు మూడు గంటలు. మా డిష్ ఎన్నాళ్ళుంటుందో ఆమెకి తెలీదు.

"పక్కకి కూడా తిరగనివ్వడం నేదు బావా" అంది గౌరి. "నడుం పడిపోతన్నాది."

ముందు గౌరిని పక్కకి తిప్పి పడుకోబెట్టాను. తర్వాత అత్తని కూర్చోబెట్టి చెప్పాను. సిగ్నల్స్ స్కూల్లో మాకు చెప్పిన పాఠమే. మా వీధివాళ్ళకీ మొన్న అదే చెప్పాను. రేడియో, సెగ, వెలుగు, ఎక్స్‌రే, అన్నీ ఒకే వంశం. ఒక అలకీ దాని వెనకాల అలకీ ఎడం ఎంతన్నదే తేడా. ఎడం బాగా ఉన్నవి రేడియో అలలు, పాటలు మోసుకొచ్చేవి. ఎడం తగ్గితే మైక్రోవేవ్. మా డిష్, విమానాలని పసిగట్టే రాడారు, ఇళ్ళలో వైఫై అన్నీ అలాంటివే. ఇంకా తగ్గితే పొయ్యి ముందు కూర్చున్నప్పుడు మొహానికి కొట్టే సెగ. టీవీ రిమోటులోంచి వచ్చేదీ ఆ జాతిదే. ఆపైన కంటికి కనిపించే వెలుగు. ఇక్కడిదాకా ఉన్నవి మితిమీరితే వేడి చేస్తాయి, మరీ మిరుమిట్లు గొలిపే వెలుగు కంటిని దెబ్బతీస్తుంది. అంతకు మించి మన ఒంట్లో కణం లోపలికి చొరబడి దాన్ని విరగ్గొట్టే బలం వాటికి లేదు.

వెలుగు దాటాక కథ మారుతుంది. ఎండలో కలిసి వచ్చే అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని కమిలిస్తాయి, ఏళ్ళ తరబడి తగిలితే కంట్లో శుక్లాలు, చర్మానికి క్యాన్సరు కూడా. ఆపైన ఎక్స్‌రే. ఆపైన క్యాన్సరు గడ్డని మాడ్చడానికి వాడే గామా. ఇవి కణాన్ని పాడుచేయగలవు. అందుకే లెక్కగా వాడతారు, అవసరముంటేనే వాడతారు.

"నీ సెయ్యి ఇరిగినప్పుడు ఎక్స్‌రే తీసినారు కదా" అన్నాను అత్తతో. "గౌరిని గది బయటికి పంపీసినారు. ఎందుకనుకున్నావు? బయపడాల్సింది దానికి. దీనికి కాదు."

"మరి గౌరికి నెలనెలా స్కానింగు తీస్తన్నారు?"

"అది సెవికి ఇనపడని శబ్దం అత్తా. కిరణం కాదు."

అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. "కిరణం కనపడదు. శబ్దం ఇనపడదు. నువ్వు సెప్తే నాను నమ్మాల."

నాకు మండింది. అక్కడ నోరు మూసుకునుంటే పోయేది. "మరి నీ నడుంలో దోపుకున్నదేటి? ఫోనేగా? అదీ ఆ గొడుగు జాతిదే. పొద్దస్తమానం దాంతోనే ఉంటావు, నీకేటయినాది?" అన్నాను. తెలివైన మాట అన్నాననుకున్నాను. అత్త ఒక్క ఉదుటున ఫోను పైకి లాగి, స్విచ్చి నొక్కి ఆపేసి, వంటింట్లోకి పోయి బియ్యం డబ్బాలో అడుగున పాతేసింది. గౌరి ఫోను కూడా తీసి దాని పక్కనే పాతేసింది. గౌరి నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

గుమ్మం దాటబోతుంటే అత్త అడిగింది. "నిజం సెప్పరా. నీకు బయం నేదేటి?"

నేను వంగి బూటు లేసు బిగించుకున్నాను.

మా బ్యారక్‌లో ఒక మాట ఉంది. డిష్‌ల దగ్గరా రాడార్ల దగ్గరా పనిచేసేవాడికి పిల్లలు ఆలస్యమనీ, పుట్టినా ఆడపిల్లలే పుడతారనీ. పాఠం చెప్పిన మాస్టరే టీ తాగుతూ ఆ మాటని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. మాకు పెళ్ళయిన ఆరేళ్ళకి గానీ గౌరి నీళ్ళోసుకోలేదు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి అలాంటిదేమీ లేదన్నాడు. పాఠం నాకు కంఠతా వచ్చు. అయినా ఆ ఆరేళ్ళూ ఆ మాటకి నవ్వు రాలేదు. అత్త నా మొహం చూసింది. తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్నకి గాలి మారిపోయింది. ఏడింటికి కొబ్బరాకులు ఒకే వైపు దువ్వినట్టు వంగిపోయాయి. వాన అడ్డంగా కొడుతోంది. మైకులో అందర్నీ షెల్టరుకి రమ్మని పిలుస్తున్నారు. గొడుగంటే భయపడ్డ జనం కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చేశారు. మెట్ల దగ్గర ఒక్క క్షణం పైకి చూసి, తల మీద కొంగేసుకుని లోపలికి దూరుతున్నారు. నేను ఒక్కో మొహమే చూస్తున్నాను. అత్త రాలేదు. గౌరి రాలేదు. ఫోను చేస్తే పలకదు. ఎలా పలుకుతుంది, బియ్యంలో ఉంది. బస్సులో దూరం పంపిద్దామని ముందురోజే అంటే, ఎనిమిదో నెలలో పొలిమేర దాటకూడదని అత్త వీల్లేదంది.

సాబ్ గాలి కొలిచే మీటరు చూశాడు. "మధ్యాహ్నం పన్నెండుకి డిష్ దించేస్తాం. ఆ తర్వాత హెచ్.ఎఫ్. ఒక్కటే. నువ్వు వెళ్ళి మీవాళ్ళని తీసుకురా. లైన్‌మ్యాన్‌ని వెంట తీసుకెళ్ళు."

ఇద్దరం తాడు ఒకటి పట్టుకుని బయల్దేరాం. తోటలో మట్టలు రాలుతున్నాయి. తలుపు కొట్టగా కొట్టగా అత్త ఒక రెక్క తీసింది. గౌరి అదే మంచం మీద ఉంది.

"పన్నెండింటికి గొడుగు దించీస్తన్నారంట గదా. ఇందాక పక్కింటోడు సెప్పినాడు" అంది అత్త. "దించీసినాక వస్తాం."

"అత్తా, ఇనుపమాస్టే నిలబడనేని గాలొస్తాదనే దించుతన్నారు. ఆ గాల్లో ఇది నడుస్తాదేటి?"

"ఇల్లుంది. మా మావ కట్టిన ఇల్లు. ఎన్ని తుపాన్లు సూసినాదో."

గట్టిగా అరిచాను. అత్త అంతకంటే గట్టిగా అరిచింది. గౌరిని ఎత్తుకుపోదామా అనిపించింది. ఎత్తుకున్నాక ఆమె భయంతో వణికితే, ఆ వాన బురదలో కాలు జారితే? చేతులు రాలేదు. నిజంగా ఏడుపొచ్చింది నాకు. యూనిఫాంలో ఉన్నానన్న సంగతి కూడా గుర్తులేదు.

గౌరి మెల్లగా లేచి కూర్చుంది. "బావా, దానికి విడుపు నేదేటి?"

"ఏటీ?"

"గ్రహణానికైతే పట్టూ ఉంటాది, విడుపూ ఉంటాది. విడిచినాక బయటికొస్తాం. దాన్నొక్క పావుగంట విడిపించనేవా? అమ్మ వస్తాది. అవునేటమ్మా?"

అత్త కిటికీకేసి చూసింది. కాదని మాత్రం అనలేదు.

భుజానికున్న వాకీటాకీ తీశాను. అదీ ఆ వంశానిదే. అత్త అడగలేదు, నేను చెప్పలేదు. ముందురోజు ఫోను సంగతి చెప్పి బుద్ధొచ్చింది.

"సాబ్, డిష్ పావుగంట ఆపాలి. ఓవర్."

"కారణం? ఓవర్."

"గ్రహణం విడవాలి సాబ్. లేకపోతే మావాళ్ళు కదలరు. ఓవర్."

తిడతాడనుకున్నాను. తర్వాత సాబ్ గొంతు వచ్చింది. "మా ఇంటిదీ అంతే. మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం నాడు నీళ్ళు కూడా తాగలేదు. ఉండు. ఓవర్."

ఆయన కంట్రోల్ రూముతో మాట్లాడాడు. అక్కడ ఏమని చెప్పాడో నాకు ఇప్పటికీ తెలీదు, గ్రహణమని మాత్రం చెప్పి ఉండడు. రెండు నిమిషాల తర్వాత: "హెచ్.ఎఫ్. మీదకి మారాం. డిష్ బంద్. పదిహేను నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వను. జెండా దించుతున్నాను, చూసుకోమను. ఓవర్."

జెండా దిగితే గొడుగు ఆగినట్టని అత్తకి చెప్పాను. ఆమె మేకుల సందులో గోనెపట్టా అంచు కొంచెం తప్పించి వానలోకి చూసింది. డాబా మీద ఎర్రజెండా తడిసి ముద్దై కిందికి దిగుతోంది. ఆమె భుజాలు కిందికి దిగడం నేను చూశాను. "విడిచినాది" అంది. అని, నూతి దగ్గరికి చెంబు పట్టుకుని బయల్దేరింది.

"ఎక్కడికత్తా?"

"విడుపు స్నానం సెయ్యకుండా ఎలగొస్తాదిరా కడుపుతోటున్న గుంట?"

తలుపు దగ్గర తాడు పట్టుకున్న లైన్‌మ్యాన్‌కి హిందీలో చెప్పాను. వాడు ఆకాశంకేసి చెయ్యి చూపించాడు. "బయట దేవుడు బిందెలతో పోస్తున్నాడు, ఇంకా చెంబెందుకని అడుగు." అది తెలుగులో చెప్పాను. అత్త ఒక్క క్షణం ఆలోచించింది. చెంబు కింద పెట్టేసింది. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ముందు లైన్‌మ్యాన్, మధ్యలో గౌరి, పక్కన నేను, వెనక అత్త. నలుగురం ఒకే తాడు పట్టుకున్నాం. మామూలుగా అయిదు నిమిషాల నడక. ఆ రోజు గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి నెడుతోంది. ఒకచోట రేకు ఒకటి గిరికీలు కొడుతూ మా ముందు నుంచి పోయింది. గౌరి నా చొక్కా పట్టుకుని ఒక్కటే మాట అంటోంది: "ఎంత దూరం బావా, ఎంత దూరం." వచ్చీసినాం అని అబద్ధాలు చెప్పుకుంటూ నడిపించాను. షెల్టరు మెట్ల మీద సాబ్ వాచీ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. గౌరి మెట్టెక్కగానే పైకి కేక వేశాడు. జెండా మళ్ళీ లేచింది.

లోపల గోడవారగా చాప వేసి గౌరిని కూర్చోబెట్టాం. అత్త కప్పుకేసి చూసింది. "మల్లీ పట్టినాదేటి?"

"పట్టినాది. కానీ మనం కింద ఉన్నాం అత్తా. అది మన నెత్తి మీంచి తిన్నగా సిక్కోలు పోతాది." ఈసారి తడుముకోకుండా చెప్పాను. పాఠం మీద నమ్మకం వచ్చి కాదు, గౌరి కాంక్రీటు కింద ఉందని. అత్త తన తడి కొంగు పిండి కూతురి పొట్ట మీద కప్పి, దాని మీద చెయ్యేసి కూర్చుంది.

పన్నెండింటికి డిష్ దించాం. ఒంటిగంట దాటాక గాలి అరుపు తప్ప ఏమీ వినబడలేదు. ట్రక్కు పక్కనున్న హెచ్.ఎఫ్. సెట్టు లోపలికి తెచ్చి మెట్ల కింద పెట్టాను. చెవులకి హెడ్‌ఫోను. "కళింగపట్నం, ఎలా ఉన్నారు? ఓవర్." "అందరం క్షేమం. ఓవర్." ఇవే మాటలు, మళ్ళీ మళ్ళీ. పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. సాయంత్రానికి గాలి తిరగబడి, ఇంకాసేపు కొట్టి, నెమ్మదించింది. "క్షేమం" అని ఆఖరిసారి చెప్పి హెడ్‌ఫోను తీసి, గౌరి పక్కన చాప మీద కూలబడ్డాను.

ఆ నెల తిరగకుండానే శ్రీకాకుళం ఆసుపత్రిలో మాకు పాప పుట్టింది. అత్త ముందు చూసింది పై పెదవి. చూసి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది, నవ్వింది. బ్యారక్‌కి ఫోను చేసి ఆడపిల్ల అని చెప్పగానే లైన్‌మ్యాన్ "అనుకున్నాంలే" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. చాలా ఏళ్ళ తర్వాత ఆ జోకు నాకు జోకులాగే వినిపించింది.

మా వీధివాళ్ళకి చివరికి చెప్పింది ఇదీ. టవరు కింద ఇల్లున్నందుకు నిద్ర మానుకోనక్కర్లేదు, టవరెక్కి దాని ముందు కూర్చోకండి చాలు. ఫోను చెవి కాలేదాకా మాట్లాడకండి, తలకింద పెట్టుకుని పడుకోకండి, అది జాగ్రత్త, భయం కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నెత్తిన గుడ్డేసుకోండి. డాక్టరు వద్దంటున్నా ఎక్స్‌రే తీయమని పట్టుబట్టకండి, తీయాలన్నప్పుడు మానకండి. కొందరు తలూపారు. కొందరు నమ్మలేదు. నమ్మనివాళ్ళ మీద నాకు కోపం రాలేదు.

ఎందుకంటే, గౌరిని ఆ ఇంట్లోంచి కదిలించింది నా పాఠం కాదు, ఆ పావుగంట విడుపు. తుపాను వెళ్ళిన మర్నాడు మా ట్రక్కు వెనక్కి బయల్దేరే ముందు అత్తతో కలిసి ఆ ఇంటికి వెళ్ళాను. తోట సగం నేల మీద ఉంది. ఇంటి గోడలు నిలబడే ఉన్నాయి. షెల్టరు వైపు కిటికీకి కొట్టిన గోనెపట్టా ఒక్క మేకు కూడా ఊడకుండా బిగిసి ఉంది. అత్త ముందు లోపలికి వెళ్ళింది. ఎంతకీ మాట వినబడకపోతే నేనూ వెళ్ళాను.

తర్వాత ఎన్ని పోస్టింగులు చేశానో, ఎన్ని మంచుకొండలు చూశానో. అవేవీ కలలోకి రావు. వచ్చేది ఆ నడిమిల్లే. పైకప్పు చీల్చుకుని లోపలికి పడిన కొబ్బరి మాను. దాని కింద రెండుగా విరిగిన నులకమంచం. నిన్నటిదాకా గౌరి తల ఉన్న చోట దిండు, దాని నిండా పెంకుల ముక్కలు. పైన మబ్బు విడిపోయి, ఆ కంతలోంచి ఎండ తిన్నగా దిండు మీద పడుతోంది. అత్త వంగి, ఒక్కొక్క పెంకుముక్కా ఏరి, దిండు మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.